ఓఎస్ సోర్స్ చదవడం: ఎక్స్‌వీ6తో మొదలా, నేరుగా లైనక్స్ కెర్నలా?

#1 · కొత్త_ఇంటరప్ట్

నమస్తే. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు. రోజూ వాడేది లైనక్సే. షెల్, గిట్ చేతికి అలవాటయ్యాయి, సీలో పాయింటర్లంటే బెదురు లేదు. ఒక ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) కోడ్ మొత్తాన్ని ఎవరైనా తెరిచి చదవొచ్చు, మార్చి నడపొచ్చు అన్న సంగతే నన్ను ఇటు లాగింది. కానీ లైనక్స్ ట్రీ (సోర్స్ కోడ్ డైరెక్టరీ) తెరిస్తే ఎక్కడ అడుగుపెట్టాలో తెలియడం లేదు. ఫోర్క్ అనే సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ ఓఎస్‌ని పని అడిగే పిలుపు) చేస్తే ఒక ప్రాసెస్ రెండెలా అవుతుందో పుస్తకంలో బొమ్మగా కాదు, కోడ్‌గా చూడాలి.

చిన్న ఓఎస్‌తో మొదలుపెట్టాలా? లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్ (సోర్స్ నుంచి సొంత డిస్ట్రో కట్టుకునే గైడ్) చేస్తే కెర్నల్ (ఓఎస్ మూల భాగం) అర్థమవుతుందా? 8 జీబీ ర్యామ్, 40 జీబీ ఖాళీ డిస్క్ సరిపోతాయా?

#2 · పేజీ_పట్టిక

ఎక్స్‌వీ6తో మొదలుపెట్టండి. ఇందులో సందేహం పెట్టుకోవద్దు. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌ను ఆధారం చేసుకుని ఎంఐటీ వాళ్ళు 2006లో పాఠం కోసమే రాసుకున్న ఓఎస్ ఇది. మొదట ఎక్స్86 మీద ఉండేది, ఇప్పుడు రిస్క్-ఫైవ్ మీద ఉంది (రెండూ ప్రాసెసర్ రకాలు). కెర్నల్ మొత్తం పది వేల వరుసలు దాటదు. లైనక్స్ ట్రీ మూడు కోట్ల వరుసల పైమాటే. అందులోనూ సింహభాగం డ్రైవర్లు. అక్కడ ఫోర్క్ కోసం వెతికితే సీగ్రూపులు, నేమ్‌స్పేస్‌లు, ఆడిట్ లాంటి వేరే సదుపాయాలన్నీ దారికి అడ్డం వస్తాయి.

మీరు అడిగిన ఫోర్క్ ఎక్స్‌వీ6లో ఒక్క స్క్రీన్‌లో పడుతుంది. ప్రాక్.సీ తెరవండి. ప్రాసెస్ పట్టికలో 64 గదులుంటాయి, ఖాళీగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. తల్లి మెమరీని పేజీ పేజీగా నకలు తీస్తుంది. ట్రాప్‌ఫ్రేమ్ (కెర్నల్‌లోకి వచ్చేటప్పుడు దాచిన రిజిస్టర్ల విలువలు) నకలు తీసి, అందులో పిల్లకి తిరిగొచ్చే విలువ ఉండే ఏ0 రిజిస్టర్‌లో సున్నా పెడుతుంది. 'ఫోర్క్ రెండుసార్లు తిరిగొస్తుంది' అనే వింత అంతా ఆ ఒక్క వరుసలోనే ఉంది. తెరిచిన ఫైళ్ళ లెక్క పెంచుతుంది, స్థితిని రన్నబుల్‌గా మారుస్తుంది. అయిపోయింది.

కావలసినవి: రిస్క్-ఫైవ్ 64 బిట్ జీసీసీ (కంపైలర్), బినూటిల్స్ (అసెంబ్లర్, లింకర్), క్యూఎము (కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించేది) 7.2 లేదా ఆపైది, డీబగ్గర్‌గా జీడీబీ మల్టీఆర్క్. 'మేక్ క్యూఎము' అంటే కొన్ని సెకన్లలో షెల్ వస్తుంది. బయటికి రావాలంటే కంట్రోల్-ఏ నొక్కి వదిలి, ఎక్స్. కంట్రోల్-సీ అక్కడ పనిచేయదు. 128 ఎంబీ మెమరీతోనే నడుస్తుంది కాబట్టి మీ ల్యాప్‌టాప్‌కి అసలు బరువే కాదు.

దీని అసలు లాభం వేగం. ఒక వరుస మార్చి, బూట్ చేసి, పగిలిందో లేదో పది సెకన్లలో తెలుసుకుంటారు. అదే లైనక్స్‌లో ఒక హెడర్ ఫైల్ ముట్టుకున్నారంటే సగం ట్రీ మళ్ళీ కంపైల్ కావచ్చు.

#3 · మూలసంకేతం

పై మాటతో ఏకీభవిస్తూనే ఎల్ఎఫ్ఎస్ (లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్) సంగతి చెప్తాను. అది చాలా మంచి పనే, కానీ అది నేర్పేది వేరు. టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోడు పనిముట్లు) రెండు విడతలుగా ఎందుకు కడతారు, జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) ముందా జీసీసీ ముందా, ఒక డిస్ట్రో ముక్కలు ఎలా అతుకుతాయి, ఇవి తెలుస్తాయి. కెర్నల్‌ని మాత్రం అందులోనూ కాన్ఫిగర్ చేసి కంపైల్ చేయడమే, లోపలికి చూడరు. ఫోర్క్ కోసం అటు వెళ్తే వారాలు పోతాయి, ఫోర్క్ కనపడదు.

మినిక్స్ 1987లో టానెన్‌బామ్ పాఠం కోసం రాసిందే. లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన ఓఎస్ గురించి మొదట చెప్పింది మినిక్స్ వాడేవాళ్ళ న్యూస్‌గ్రూప్‌లోనే. మైక్రోకెర్నల్ అంటే ఏమిటో చూడాలంటే మినిక్స్ 3 బాగుంటుంది, అందులో డ్రైవర్లు కూడా మామూలు యూజర్ ప్రాసెస్‌లుగా నడుస్తాయి.

బీఎస్‌డీలను (యూనిక్స్ వంశపు మరో ఓఎస్‌లు) చిన్నచూపు చూడొద్దు. ఫ్రీబీఎస్‌డీలో కెర్నల్, సీ లైబ్రరీ, ప్రాథమిక యుటిలిటీలు అన్నీ ఒకే ట్రీలో ఉంటాయి. ఎల్ఎస్ కమాండ్ నుంచి సిస్టమ్ కాల్ మీదుగా ఫైల్ సిస్టమ్ దాకా ఒకే చోట వెంబడించొచ్చు. కెర్నల్ లోపలి ఫంక్షన్లకు కూడా మాన్యువల్ తొమ్మిదో విభాగంలో పేజీలుంటాయి. ఎక్స్‌వీ6 ముగిశాక లైనక్స్‌లో ఏదైనా అర్థం కాకపోతే అదే పని ఫ్రీబీఎస్‌డీలో ఎలా చేశారో చూడండి, తేడాలోంచి విషయం బయటపడుతుంది.

#4 · పేజీ_పట్టిక

మొదటి అభ్యాసం: ఎక్స్‌వీ6కి ఒక కొత్త సిస్టమ్ కాల్ చేర్చండి. ప్రస్తుతం ఉన్న ప్రాసెస్‌ల సంఖ్య తిరిగిచ్చేది చాలు. ఇప్పటికే 21 ఉన్నాయి, మీది 22 అవుతుంది. ఆరు చోట్ల చెయ్యి పెట్టాలి:

1. సిస్‌కాల్.హెచ్‌లో 22 నంబర్.
2. సిస్‌కాల్.సీలో ఎక్స్‌టర్న్ ప్రకటన, కింద పట్టికలో ఎంట్రీ.
3. సిస్‌ప్రాక్.సీలో అసలు ఫంక్షన్.
4. యూజర్.హెచ్‌లో యూజర్ వైపు ప్రకటన.
5. యూసిస్.పీఎల్‌లో ఒక వరుస. ఇదే ఏ7లో నంబర్ పెట్టి ఈకాల్ చేసే చిన్న అసెంబ్లీ ముక్కను పుట్టిస్తుంది.
6. పరీక్షించే ప్రోగ్రామ్ రాసి మేక్‌ఫైల్‌లో యూప్రాగ్స్‌కి చేర్చడం.

ప్రాసెస్ పట్టిక తిరిగేటప్పుడు ఒక్కో గది లాక్ తీసుకుని, స్థితి చూసి, వదలండి. లాక్ వదలడం మరిచిపోతే, తర్వాత అదే సీపీయూ అదే లాక్ కోసం వచ్చినప్పుడు 'పానిక్: అక్వైర్' అని ఆగిపోతుంది.

#5 · కొత్త_ఇంటరప్ట్

చేశాను. కంపైల్ అయింది, షెల్ వచ్చింది. కానీ నా ప్రోగ్రామ్ నడిపితే 'అన్‌నోన్ సిస్ కాల్ 22' అని వచ్చి -1 తిరిగొస్తోంది. ఇంకో ప్రశ్న: దీన్ని సరిచేయబోతూ ఒక పాయింటర్ తప్పు రాస్తే 'యూజర్‌ట్రాప్: అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎస్‌కాజ్' తర్వాత 0ఎక్స్‌ఎఫ్ అని, దాని పక్కన ఎస్ఈపీసీ, ఎస్‌టీవ్యాల్ అని వచ్చాయి. కెర్నల్.ఏఎస్ఎం ఫైల్‌లో ఆ ఎస్ఈపీసీ అడ్రస్ వెతికాను, లేదు.

#6 · సెమాఫోర్

రెండు జవాబులూ చిన్నవే.

మొదటిది రెండో మెట్టులో సగం మిగిలిపోవడం. ఎక్స్‌టర్న్ రాశారు, కింద పట్టికలో ఎంట్రీ లేదు. యూజర్ వైపు అంతా సరిగ్గా ఉంది కాబట్టే లింక్ అయింది, 22 కెర్నల్ దాకా చేరింది కూడా. యూసిస్.పీఎల్ మరిచిపోతే గుర్తు వేరు: లింకర్ దగ్గరే 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని ఆగుతుంది. ఏది ఎక్కడ ఆగిందో చూస్తే ఏ మెట్టు తప్పిందో తెలుస్తుంది.

రెండోది. యూజర్‌ట్రాప్ అని వచ్చిందంటే పడింది యూజర్ ప్రోగ్రామ్. ఎస్ఈపీసీ అంటే తప్పు జరిగిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్. ఇక్కడ అది యూజర్ అడ్రస్, దాన్ని కెర్నల్.ఏఎస్ఎంలో వెతికితే ఎలా దొరుకుతుంది? యూజర్ డైరెక్టరీలో మీ ప్రోగ్రామ్ పేరుతో ఉన్న ఏఎస్ఎం ఫైల్ చూడండి. కెర్నల్‌ట్రాప్ అని వస్తే అప్పుడు కెర్నల్.ఏఎస్ఎం. ఎస్‌కాజ్ (ట్రాప్‌కి కారణం) విలువలు నాలుగు గుర్తుంటే చాలు: 8 అంటే మామూలు సిస్టమ్ కాల్, 12 ఇన్‌స్ట్రక్షన్ తెచ్చుకోబోతే పేజీ ఫాల్ట్, 13 చదవబోతే, 15 రాయబోతే. మీ 0ఎక్స్‌ఎఫ్ అంటే 15, రాయకూడని చోట రాశారు. ఎక్కడ రాయబోయిందో ఎస్‌టీవ్యాల్ చెప్తుంది. అది సున్నాకి దగ్గరగా ఉంటే నల్ పాయింటర్‌ని అనుమానించండి.

ఇక మీదట ప్రతి మార్పు తర్వాత ఎక్స్‌వీ6 షెల్‌లో 'యూజర్‌టెస్ట్స్' నడపండి. మార్పు పనిచేయడం ఒక ఎత్తు, పాతది చెడకపోవడం ఇంకో ఎత్తు. తర్వాతి అభ్యాసంగా కాపీ-ఆన్-రైట్ ఫోర్క్ పట్టండి. ఫోర్క్‌లో నకలు తీయడం మానేసి, పేజీలను ఇద్దరికీ రాయడానికి వీల్లేనివిగా మార్చి, 15 వచ్చినప్పుడు మాత్రమే నకలు తీయాలి. భౌతిక పేజీకి ఒక వాడుక లెక్క పెట్టుకోవాలి. ఆ లెక్కను లాక్ లేకుండా మారిస్తే ఒక సీపీయూతో బాగానే నడిచి, మూడింటితో చెడుతుంది. అందుకే 'సీపీయూస్=1'తోనూ, మామూలుగా ఉండే మూడింటితోనూ పరీక్షించండి. కాపీఅవుట్ (కెర్నల్ నుంచి యూజర్ మెమరీలోకి రాసే ఫంక్షన్) సంగతి చాలామంది మరిచిపోతారు: కెర్నల్ యూజర్ పేజీలోకి రాసేటప్పుడు ఈ ఫాల్ట్ రాదు, పేజీ పట్టికను సాఫ్ట్‌వేర్‌లోనే నడుచుకుంటూ వెళ్తుంది. కాబట్టి అక్కడా మీరే నకలు తీయాలి.

#7 · కొత్త_ఇంటరప్ట్

పట్టిక ఎంట్రీయే. ఇప్పుడు సంఖ్య వస్తోంది, యూజర్‌టెస్ట్స్ కూడా అన్నీ పాస్. కాపీ-ఆన్-రైట్ మొదలుపెట్టాను. సమాంతరంగా అసలు లైనక్స్ కెర్నల్‌ని సొంతంగా కట్టి బూట్ చేయాలని ఉంది. రోజూ వాడే సిస్టమ్ మీద ఇన్‌స్టాల్ చేయొచ్చా?

#8 · మేక్_మంత్రం

ఇప్పుడే వద్దు. క్యూఎములో బూట్ చేయండి, డిస్క్ ఇమేజ్ కూడా అక్కర్లేదు. కెర్నల్ ఇమేజ్ ఒకటి, బిజీబాక్స్ (షెల్, మామూలు కమాండ్లు అన్నీ ఒకే ప్రోగ్రామ్‌లో) పెట్టిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్‌లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్) ఒకటి, ఈ రెండూ చాలు.

కెర్నల్: గిట్ క్లోన్‌లో డెప్త్ 1 పెట్టండి, చరిత్ర మొత్తం దించుకుంటే అనేక జీబీలు. డెబియన్, ఉబుంటులో బిల్డ్-ఎసెన్షియల్, ఫ్లెక్స్, బైసన్, బీసీ, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, లిబ్‌ఎల్ఫ్-డెవ్, మెనూ కోసం లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్ కావాలి. 'మేక్ డెఫ్‌కాన్ఫిగ్', తర్వాత 'మేక్ -జె4'. ఇమేజ్ ఆర్క్/ఎక్స్86/బూట్ కింద బీజెడ్‌ఇమేజ్ పేరుతో వస్తుంది. డిస్ట్రో తాలూకు కాన్ఫిగ్ నకలు పెట్టుకోవద్దు. అందులో వేల మాడ్యూళ్ళు, పైగా డీబగ్ సమాచారం ఉంటాయి, మీ 40 జీబీలో సగం అక్కడే పోవచ్చు. ఉబుంటు కాన్ఫిగ్ వాడితే ఇంకో చిక్కు: సర్ట్స్ డైరెక్టరీ దగ్గర 'కెనానికల్-సర్ట్స్.పెమ్ తయారుచేసే నియమం లేదు' అని మేక్ ఆగుతుంది. ఆ ఫైల్ వాళ్ళ ట్రీలోనే ఉంటుంది. సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రెవొకేషన్ కీస్ రెండింటినీ ఖాళీ చేస్తే పోతుంది.

బిజీబాక్స్: డెఫ్‌కాన్ఫిగ్ చేసి, మెనూలో స్టాటిక్ బైనరీ (బయటి లైబ్రరీలు అక్కర్లేనిది) ఎంచుకోండి. ఇది తప్పనిసరి. కొత్త కెర్నల్ హెడర్లతో బిజీబాక్స్ 1.36.1 కడితే టీసీ అనే ఆప్లెట్ (బిజీబాక్స్‌లోని ఒక కమాండ్) దగ్గర 'టీసీఏ సీబీక్యూ' పేర్లు ప్రకటించలేదని ఎర్రర్ వస్తుంది. కెర్నల్‌లోంచి సీబీక్యూ (ఒక నెట్‌వర్క్ క్యూ పద్ధతి) తీసేశారు, అందుకు. టీసీ ఆప్లెట్ ఆపేయండి, మీకు అవసరం లేదు. 'మేక్ ఇన్‌స్టాల్' చేస్తే _ఇన్‌స్టాల్ అనే డైరెక్టరీ వస్తుంది.

అందులో ఇనిట్ అనే స్క్రిప్ట్ (కెర్నల్ మొదట నడిపేది) పెట్టి, అమలు అనుమతి ఇచ్చి, ఆ డైరెక్టరీ లోపలి నుంచే సీపీఐఓ కమాండ్‌తో న్యూసీ ఫార్మాట్‌లో మూటగట్టి జీజిప్ చేయండి. బయటి నుంచి కడితే దారులన్నీ _ఇన్‌స్టాల్ అని మొదలై, కెర్నల్‌కి ఇనిట్ కనపడదు. క్యూఎముకి కెర్నల్, ఇనిట్ఆర్‌డీ, మెమరీ 512 ఎంబీ, నోగ్రాఫిక్ ఇచ్చి, అపెండ్‌లో 'కన్సోల్=టీటీవైఎస్0' పెట్టండి. ఇది లేకపోతే బూట్ అవుతుంది కానీ తెర మీద ఏమీ రాదు, హ్యాంగ్ అయిందనుకుంటారు.

#9 · కొత్త_ఇంటరప్ట్

బూట్ మెసేజ్‌లన్నీ వచ్చాయి! చివర్లో మాత్రం కెర్నల్ పానిక్: 'అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్', ఎగ్జిట్‌కోడ్ 0ఎక్స్00000100. నా ఇనిట్ స్క్రిప్ట్‌లో మూడే వరుసలు: పైన బిన్/ఎస్‌హెచ్ సూచించే మొదటి వరుస, ప్రాక్ మౌంట్, సిస్ మౌంట్.

#10 · సెమాఫోర్

ఒకటో నంబర్ ప్రాసెస్ ముగియకూడదు, ముగిస్తే కెర్నల్ పానిక్ అవుతుంది. మీ స్క్రిప్ట్ రెండు మౌంట్లు చేసి ముగిసిపోయింది. చివరి వరుస 'ఎగ్జెక్ /బిన్/ఎస్‌హెచ్' కావాలి.

ఆ ఎగ్జిట్‌కోడ్‌ని చదవడం నేర్చుకోండి, బాగా పనికొస్తుంది. ముగింపు విలువ ఎనిమిది బిట్లు ఎడమకి జరిగి ఉంటుంది. 0100 అంటే 1. అది సున్నా కాదు కాబట్టి మీ చివరి మౌంట్ కూడా విఫలమైంది. ఎందుకంటే బిజీబాక్స్ ఇన్‌స్టాల్ ప్రాక్, సిస్ డైరెక్టరీలను సృష్టించదు. ప్రాక్, సిస్, డెవ్ మూడూ మీరే చేసి మళ్ళీ మూటగట్టండి. 7ఎఫ్00 వస్తే 127, అంటే ఎగ్జెక్ చేయబోయిన కమాండ్ లేదు. లేని బ్యాష్‌ని పిలిచినప్పుడు వచ్చేది అదే.

దీని చుట్టాలు ఇంకొన్ని. 'ఫెయిల్డ్ టు ఎగ్జిక్యూట్ /ఇనిట్' పక్కన -13 ఉంటే అమలు అనుమతి లేదు. -8 ఉంటే స్క్రిప్ట్ మొదటి వరుస లేదు. -2 ఉంటే ఫైల్ కళ్ళ ముందు ఉన్నా 'లేదు' అంటోందన్నమాట, ఇది చాలామందిని తికమక పెడుతుంది. లేనిది ఇనిట్ కాదు, దాన్ని నడిపేది: బిన్/ఎస్‌హెచ్ లేకపోవడమో, బిజీబాక్స్‌ని స్టాటిక్‌గా కట్టకపోవడం వల్ల డైనమిక్ లోడర్ లేకపోవడమో. 'అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)' వస్తే కెర్నల్‌కి ఇనిట్ ఉన్న మూట అందనే లేదు. దారి తప్పు కావచ్చు, న్యూసీ ఫార్మాట్ ఇవ్వకపోయి ఉండొచ్చు.

షెల్ వచ్చాక 'జాబ్ కంట్రోల్ టర్న్డ్ ఆఫ్' అంటే కంగారు వద్దు. 'సెట్‌సిడ్ సీటీటీవైహ్యాక్ ఎస్‌హెచ్' అని ఎగ్జెక్ చేస్తే కంట్రోల్-సీ కూడా పనిచేస్తుంది.

#11 · మూలసంకేతం

షెల్ వచ్చాక వెంటనే జీడీబీ తగిలించండి, అసలు ఆనందం అక్కడ ఉంది. కాన్ఫిగ్‌లో డీబగ్ ఇన్ఫో, జీడీబీ స్క్రిప్ట్స్ ఆన్ చేసి మళ్ళీ కట్టాలి. క్యూఎముకి చిన్న ఎస్, పెద్ద ఎస్ రెండూ ఇవ్వండి: చిన్నది 1234 పోర్ట్ తెరుస్తుంది, పెద్దది మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఆపి ఉంచుతుంది. జీడీబీకి ఇవ్వాల్సింది వీఎంలైనక్స్, బీజెడ్‌ఇమేజ్ కాదు. బీజెడ్‌ఇమేజ్ కుదించిన ఇమేజ్, అందులో గుర్తుల పట్టిక (ఫంక్షన్ పేర్లు, వాటి అడ్రస్‌లు) ఉండదు.

బ్రేక్‌పాయింట్ పెట్టినా ఆగడం లేదంటే ముందు చూడాల్సింది కేఏఎస్ఎల్ఆర్. కెర్నల్ ప్రతి బూట్‌కీ వేరే అడ్రస్‌లో కూర్చుంటుంది, జీడీబీ మాత్రం పాత అడ్రస్ దగ్గర కాపు కాస్తుంటుంది. అపెండ్‌లో 'నోకేఏఎస్ఎల్ఆర్' చేర్చండి. కేవీఎంతో (ప్రాసెసర్ సాయంతో వేగంగా) నడుపుతుంటే స్టార్ట్_కెర్నల్ లాంటి తొలి చోట్ల మామూలు బ్రేక్ బదులు హెచ్‌బ్రేక్ (హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్) వాడండి.

తర్వాత కెర్నల్_క్లోన్ మీద ఆపి షెల్‌లో ఎల్ఎస్ కొట్టండి. ఎక్స్‌వీ6లో చూసిన ఫోర్క్ ఇక్కడ కాపీ_ప్రాసెస్ అనే పెద్ద ఫంక్షన్‌గా కనిపిస్తుంది. పిల్ల రిజిస్టర్‌లో సున్నా పెట్టే వరుస ఇక్కడా ఉంది, కాపీ_థ్రెడ్‌లో వెతకండి.

#12 · కొత్త_ఇంటరప్ట్

దొరికింది. ఎక్స్86లో ఏఎక్స్‌లో సున్నా! ఇప్పుడు ఒక మాడ్యూల్ (నడుస్తున్న కెర్నల్‌కి ఎక్కించే కోడ్) రాశాను. క్యూఎములో ఇన్స్‌మాడ్ చేస్తే 'ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్'.

#13 · మేక్_మంత్రం

మాడ్యూల్‌ని ల్యాప్‌టాప్ కెర్నల్ హెడర్లతో కట్టి, క్యూఎములో మీ సొంత కెర్నల్‌కి ఎక్కించబోయారు. వెర్‌మ్యాజిక్ (మాడ్యూల్‌లోని కెర్నల్ వెర్షన్ ముద్ర) కలవలేదు, డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూస్తే రెండు వెర్షన్లూ పక్కపక్కనే ఉంటాయి. మేక్‌లో పెద్ద సీ తర్వాత లిబ్/మాడ్యూల్స్ దారి బదులు మీరు కెర్నల్ కట్టిన డైరెక్టరీ ఇవ్వండి.

మేక్‌ఫైల్‌లో కమాండ్ వరుస ట్యాబ్‌తో మొదలవాలి. ఖాళీలు పెడితే 'మిస్సింగ్ సెపరేటర్'. మాడ్యూల్ లైసెన్స్ వరుస లేకపోతే మోడ్‌పోస్ట్ దగ్గరే ఆగుతుంది. మీ ల్యాప్‌టాప్ మీద ఎక్కించబోయి 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' వస్తే అది సెక్యూర్ బూట్, సంతకం లేని మాడ్యూల్‌ని రానివ్వదు. సెక్యూర్ బూట్ ఆపకండి, ప్రయోగాలు క్యూఎములోనే కానివ్వండి.

యూజర్ కోడ్ అలవాట్లు కొన్ని వదిలేయాలి. ఎక్స్86-64లో కెర్నల్ స్టాక్ 16 కేబీయే, పెద్ద అర్రేలని లోకల్‌గా ప్రకటించొద్దు. ఫ్లోటింగ్ పాయింట్ వద్దు. యూజర్ పాయింటర్‌ని నేరుగా ముట్టుకోవద్దు, కాపీ_ఫ్రమ్_యూజర్ వాడి, అది తిరిగిచ్చే విలువ చూడండి: సున్నా కాకపోతే అన్ని బైట్లు నకలు కాలేదని అర్థం. స్పిన్‌లాక్ పట్టుకుని జీఎఫ్‌పీ_కెర్నల్‌తో మెమరీ అడగొద్దు, అది నిద్రపోవచ్చు. ఇది ఎప్పుడో ఒకసారే బయటపడే తప్పు, కాబట్టి కాన్ఫిగ్‌లో డీబగ్ అటామిక్ స్లీప్, ప్రూవ్ లాకింగ్, కేసాన్ (మెమరీ తప్పులు పట్టేది) మూడూ ఆన్ చేసుకోండి. నెమ్మదిస్తుంది, ఫర్వాలేదు. తప్పు జరిగిన వరుసని చూపిస్తాయి.

#14 · కొత్త_ఇంటరప్ట్

వెర్‌మ్యాజిక్ సరిపోయింది, మాడ్యూల్ ఎక్కింది, దిగింది. చివరి ప్రశ్న: లైనక్స్‌కి ఒక ప్యాచ్ పంపాలి. చెక్‌ప్యాచ్ (కోడ్ శైలి చూసే స్క్రిప్ట్) హెచ్చరికలు సరిచేసి పంపితే సరిపోతుందా?

#15 · సెమాఫోర్

డ్రైవర్స్/స్టేజింగ్‌లో (ఇంకా మెరుగుపడాల్సిన డ్రైవర్ల డైరెక్టరీ) అలాంటివి తీసుకుంటారు, పద్ధతి నేర్చుకోవడానికి ఒకటి రెండు చాలు. మిగతా చోట్ల ఖాళీలు సర్దే ప్యాచ్‌లంటే మెయింటెయినర్లకు భారం. మీరిప్పుడు కేసాన్‌తో కెర్నల్ నడుపుతున్నారు, సెల్ఫ్‌టెస్ట్‌లు నడపండి. ఏదైనా విఫలమైతే ఎందుకో వెతకండి. అలా దొరికిన చిన్న సవరణకు విలువ ఎక్కువ.

పంపే పద్ధతి: ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు. వివరణలో ఏం మార్చారో కంటే ఎందుకు మార్చారో రాయండి, వరుస 75 అక్షరాలు దాటొద్దు. 'గిట్ కమిట్ -ఎస్'తో సైన్డ్-ఆఫ్-బై చేరుతుంది, అది లేకుండా తీసుకోరు. పాత కమిట్‌లో తప్పు సరిదిద్దుతుంటే ఫిక్సెస్ అని, ఆ కమిట్ హ్యాష్‌లో 12 అక్షరాలు, దాని శీర్షిక ఇవ్వండి. గెట్_మెయింటెయినర్ స్క్రిప్ట్ ఎవరికి పంపాలో చెప్తుంది. గిట్ సెండ్-ఈమెయిల్ వాడండి. బ్రౌజర్‌లోని మెయిల్‌లో అతికిస్తే ట్యాబ్‌లు ఖాళీలైపోయి ప్యాచ్ అతకదు. హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ని లిస్ట్ తిప్పికొడుతుంది. ముందు మీకు మీరే పంపుకుని, వచ్చిన మెయిల్‌ని కొత్త బ్రాంచ్ మీద 'గిట్ ఏఎం' చేసి అతికిందో లేదో చూడండి.

సమయం కూడా చూసుకోవాలి. వెర్షన్ విడుదలైన వెంటనే రెండు వారాలు మెర్జ్ విండో (సిద్ధమైన మార్పులను ప్రధాన ట్రీలో కలిపే గడువు), అప్పుడు కొత్త ప్యాచ్‌లు చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆర్‌సీ1 (తర్వాతి వెర్షన్ తొలి పరీక్ష విడుదల) వచ్చాక పంపండి. జవాబు రాకపోతే కనీసం వారం ఆగి గుర్తు చేయండి. సవరణలు అడిగితే శీర్షికలో వీ2 పెట్టి, ఏం మార్చారో ప్యాచ్‌లోని మూడు గీతల (---) కింద రాయండి. గీతల పైన రాస్తే అది కమిట్ చరిత్రలోకి వెళ్ళిపోతుంది, కింద రాసింది ఏఎం చేసినప్పుడు రాలిపోతుంది.